రాజవ్వ ఉన్న మండపం

నేను పాత కట్టడాల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. ఆ కొలువుకు ఆడవాళ్ల పేరు ఒకటి ఉండాలని అప్పట్లో ఎవరికీ తోచలేదు. అందుకని రిటైరయ్యే రోజు దాకా డ్రాఫ్ట్స్‌మన్‌గానే ఉన్నాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు కొందరు నన్ను కలిసి, అక్కడ పని ఎట్లా ఉంటుందని అడుగుతుంటారు. ఉన్నదున్నట్టు చెప్తాను. గబ్బిలాల కంపు ఉంటుంది. ఎండాకాలం ఇనుప టేపు చెయ్యి కాలుస్తుంది. ఏమరుపాటుగా ఉంటే మేకలు డ్రాయింగ్ కాగితాన్ని నమిలేస్తాయి. ఒక స్తంభం కొలిచాక పక్క స్తంభం కూడా అంతే ఉంటుందనిపిస్తుంది. ఉండదు, దాన్ని కూడా కొలవాల్సిందే. ఇవన్నీ నెల రోజుల్లో అలవాటైపోతాయి. అలవాటు కానిది ఒకటుంది. మనం కాపాడడానికి వెళ్లిన కట్టడంలో అప్పటికే ఎవరో ఒకరు ఉంటారు. ఆ సంగతి ఏ శిక్షణలోనూ చెప్పరు కాబట్టి నేనిక్కడ రాస్తున్నాను.

మూర్తి గారు

డెబ్బైల చివర నేను వరంగల్ ఆఫీసులో చేరినప్పుడు మా పై అధికారి మూర్తి గారు. గోదావరి వైపు మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ గొడుగు పట్టుకుని తిరిగేవారు. మొదటి రోజు నన్ను కోటలో తోరణం దగ్గర కూర్చోబెట్టి, చేతిలో పెన్సిల్ తీసేసుకున్నారు.

"ముందు చూడమ్మా. పెన్సిల్ ఎక్కడికీ పారిపోదు."

మధ్యాహ్నం దాకా చూశాను. ఏం చూశావని అడిగితే హంసల గురించి, మొసళ్ల గురించి, రాతి మొగ్గల గురించి చెప్పాను. ఆయన తల ఊపి, "వానొస్తే నీళ్లు ఎటు పోతాయి?" అన్నారు. నాకు తెలియలేదు.

"దీన్ని పడగొట్టాలనుకున్నవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. ఇప్పుడు మిగిలింది నీళ్లే. నీళ్లెటు పోతున్నాయో చూసుకో, సగం పని వచ్చినట్టే."

నా ఉద్యోగం మొత్తంలో అంతకు మించిన పాఠం ఎవరూ చెప్పలేదు. అయితే ఆయనతో ఇబ్బందీ ఉండేది. రాళ్లతో ఎంత ఓపికో మనుషులతో అంత చిరాకు. కట్టడంలో ఎవరు కాపురమున్నా, ఎవరు గడ్డి వేసుకున్నా, అందరికీ ఆయన దగ్గర ఒకటే మాట. ఆక్రమణదారులు. నేను హనుమకొండలో పుట్టి పెరిగినదాన్ని. ఆ ఆక్రమణదారుల్లో సగం మంది మాట తీరు మా అమ్మ మాట తీరు లాగే ఉండేది. ఆ పదం నాకు గుచ్చుకునేది.

కొలవడానికి పోతే

కోట అంటే బయటివాళ్లకు నాలుగు తోరణాలు గుర్తొస్తాయి. మాకది ఊరు. రాతికోటకూ మట్టికోటకూ నడుమ ఇళ్లు, మిరప చేన్లు, బావులు, చిన్న చిన్న గుళ్లు ఉండేవి. నాకు అప్పగించిన మండపం ఒక మిరప చేను పక్కన ఉంది. లోపల దేవుడు లేడు. ఎప్పుడు పోయాడో ఎవరికీ తెలియదు. స్తంభాల నడుమ మట్టిగోడలు లేపి, ముందు రేకు తలుపు పెట్టారు. పైకప్పు మీద బీరతీగ పాకింది.

తలుపు కొట్టాను.

"ఎవ్వలు?" అంటూ నలభై ఏళ్ల ఆవిడ బయటకు వచ్చింది.

"ఆఫీసు నుంచి వచ్చిన అక్కా. కొలతలు తీసుకోవాలె."

"ఏం కొలుస్తవ్?"

"ఈ మండపం."

"కొలిచినంక కూలగొడ్తరా?"

"లేదక్కా. కూలకుండ చూస్తం."

"మరి మమ్ముల?"

నేను చేతిలో ఉన్న టేపు చుట్టుకున్నాను. ఆమె నా ముఖం కాసేపు చూసి పక్కకు జరిగింది. "ఎండల నిలవడ్డవ్ బిడ్డా. లోపటికి వచ్చి నీళ్లు తాగు. మాటలు తర్వాత."

ఆమె పేరు రాజవ్వ. భర్త సాంబయ్య జంపఖానాలు నేసేవాడు. లోపల సగం చోటు మగ్గానిదే. మగ్గం తాళ్లను రెండు చెక్కుడు స్తంభాలకు కట్టారు. మూర్తి గారు చూస్తే ఏమంటారో అనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూస్తే, తాడు ఒరుసుకునే చోట గోనెపట్టా మడతలు మడతలుగా చుట్టి ఉంది. దాని కింద ఒక నాట్యం చేసే బొమ్మ.

"తాడు రాస్తె దాని ముక్కు పోతది కద," అంది రాజవ్వ. "ఆడపిల్లాయె. అందుకే సుట్టిన."

వాళ్లు వరంగల్‌లోనే నేతగాళ్లుండే కొత్తవాడ నుంచి వచ్చారు. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు సాంబయ్య వాటాకు వచ్చిన గదిలో మగ్గం పట్టలేదు. మగ్గం లేని ఇంట్లో సాంబయ్య ఏం చేస్తాడు? మగ్గం కొయ్యలు ఎడ్లబండి మీద వేసుకుని, చోటు వెతుక్కుంటూ ఈ మండపం చేరారు. అప్పుడు వాళ్ల బిడ్డ సరోజన ఇంకా తప్పటడుగులు వేస్తోంది.

"అన్నదమ్ముల ఇల్లైతె ఎన్నడన్న వెళ్లగొడ్తరు," అన్నాడు సాంబయ్య, చెయ్యి ఆపకుండానే. "ఇది రాజుల ఇల్లు. వాళ్లొచ్చి అడుగరు కద మేడం."

నేను చాలా రోజులు అక్కడికి పోయాను. కొలత పైకి చదివితే సాంబయ్య పోగులు బిగించే పంజా కొట్టడం ఆపేవాడు, నాకు చప్పుడు అడ్డం రాకూడదని. రాజవ్వ పొయ్యి మీద సర్వపిండి చేసి నా చేతిలో పెట్టేది. నేను మండపం గీస్తూ దాంతోపాటు ఆ పొయ్యిని, మంచాన్ని, మగ్గాన్ని, పైనున్న తీగను కూడా గీశాను. ఎవరూ గీయమనలేదు. కళ్ల ముందున్నది వదిలేసి గీయడానికి చెయ్యి రాలేదు.

దూలం

మగ్గానికి సరిగ్గా పైనున్న రాతి దూలం కొలుస్తుంటే పగులు కనిపించింది. కప్పు మీద మొలిచిన రావి మొక్క వేరు రాళ్ల సందులోకి దిగింది. ఆ సందులోంచి ఏళ్ల తరబడి వాన నీళ్లు దిగుతున్నాయి. మూర్తి గారికి చెప్తే ఆ మధ్యాహ్నమే వచ్చారు. చాలాసేపు తలెత్తి చూసి, నన్ను బయటకు పిలిచారు.

"ఈ వానలకి ఆగదు. వాళ్లని వెంటనే ఖాళీ చేయించాలి," అన్నారు.

చెప్పే పని నా మీద పడింది. రాజవ్వ అంతా విని, పొయ్యిలో కట్టె ఎగదోసింది.

"సరోజన పురుటికి వస్తాంది బిడ్డా. నెక్కొండల ఇచ్చినం దాన్ని. తొలి కాన్పు తల్లిగారింట్ల కాకుంటె ఎట్ల? మా వియ్యపురాలు ముందే అంటాంది, మీ తల్లిగారిది ఇల్లా, పాడువడ్డ గుడా అని. ఇప్పుడు ఆ గుడి గూడ లేదని చెప్పాల్నా?"

"దూలం పగిలిందక్కా. మీద పడితే?"

"పురుడు కానియ్. నెల బాలింతను చేసి పంపినంక నేనే సామాను సదురుకుంట. నువ్వు రమ్మని పిలువకున్న పోత."

ఆ మాటే మూర్తి గారికి చెప్పాను. చెప్పడమే కాదు, వాదించాను. పెద్దవాళ్లతో అట్లా మాట్లాడడం నాకది మొదటిసారి. ఆయన కోప్పడతారనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"వేరే ఊళ్లో ఉన్నప్పుడు ఇలాంటి కప్పే ఒకటి ఉండేది. ఈ వానాకాలం గడుస్తుందని నేనే చెప్పాను. పశువులు కాసే ఆయనొకడు వానకి దాని కింద నిలబడ్డాడు." కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "వాళ్లావిడ నన్ను ఒక్క మాట అనలేదమ్మా. అని ఉంటే బాగుండేది."

ఆయన మనుషుల మీద ఎందుకు అరుస్తారో నాకు ఆ రోజు అర్థమైంది. పై అధికారి మొండిగా కనిపిస్తే, ఆ మొండితనం వెనక ఏముందో తెలిసేదాకా తీర్పు చెప్పకండి. అందరి వెనకా ఏదో ఉంటుందని కాదు. కొందరు ఉత్త మొండివాళ్లే. తెలుసుకుంటే తప్ప ఎవరు ఏ రకమో తేలదు.

మర్నాడు ఆయనే మండపానికి వచ్చారు. చెప్పులు బయట విడిచి, రాజవ్వ ఇచ్చిన నీళ్లు తాగి, మెల్లగా అన్నారు.

"అమ్మా, ఆ దూలం కింద నేనైతే మా అమ్మాయిని పడుకోబెట్టను."

"మీకు ఇల్లున్నది సార్," అంది రాజవ్వ. అందులో ఎత్తిపొడుపు లేదు.

ఖాళీ చేయమన్న మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. ఆ సాయంత్రం నుంచే పనులు మొదలయ్యాయి. దూలం కింద మద్ది దుంగలు నిలువుగా ఆనించి బిగించాం. మంచాన్ని దూలానికి దూరంగా, రెండో మూలకు జరిపించాం. మగ్గాన్ని జరపడానికి మాత్రం చోటు లేదు. పగులు మీద అడ్డంగా సన్నని గాజుపట్టీలు మూడు పెట్టి, రెండు చివరలా ప్లాస్టర్‌తో అతికించాం. రాయి వెంట్రుకవాసి కదిలినా గాజు విరుగుతుంది. కంటికి కనబడని కదలికను పట్టుకోవడానికి మా పనిలో ఉన్న ఉపాయం అది.

బాట అవతల మా శాఖ పనిముట్లు పెట్టుకునే గది ఒకటి ఉండేది. మూర్తి గారు అందులోని పారలు, తట్టలు, సున్నం బస్తాలు వరండాలోకి తీయించి, గది కడిగించి, తాళం చెవి రాజవ్వకు ఇచ్చారు.

"వాడుకోకపోయినా ఫర్వాలేదు. మీ దగ్గర ఉంచండి," అన్నారు. సర్కారు గదిని బయటివాళ్లకు ఇవ్వకూడదని ఆయనకు నాకంటే బాగా తెలుసు.

వాన కురిసిన మధ్యాహ్నం

సరోజన వచ్చింది. తల్లి పోలికే, మాట ఇంకా మెత్తన. వానలూ వచ్చాయి. రోజూ ఒకసారి వెళ్లి గాజుపట్టీలు చూసి రావడం నా పని. నేను వెళ్లగానే సరోజన అడిగేది, "అద్దాలు మంచిగున్నయా అక్కా?" అని. మంచిగున్నాయని చెప్పి, చాయ్ తాగి వచ్చేదాన్ని.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం నిచ్చెన ఎక్కి చూస్తే మొదటి పట్టీ బాగానే ఉంది. రెండోదీ బాగానే ఉంది. మూడోది నడిమికి విరిగి ఉంది. ముందు రోజు విరగలేదు.

దిగి, రాజవ్వ దగ్గరికి వెళ్లి అన్నాను. "రాజక్కా, ఇప్పుడే లేవాలె. అందరు."

రాజవ్వ పొయ్యి దగ్గర నుంచి లేచింది. సరోజన వైపు చూసింది. సరోజన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, లేవలేదు.

"పొద్దటి నుంచి నడుం లాగుతాంది అవ్వా," అంది. "వానల ఎటు పోతమని చెప్పలే."

దుంగలు బిగించే మనుషులు ఆ వేళకు పనిముట్ల గది వరండాలో వాన తగ్గేదాకా ఆగి ఉన్నారు. వాళ్లను కేకేశాను. సరోజనను మంచం మీద పడుకోబెట్టి, మంచంతో సహా ఎత్తుకుని, పైన జంపఖానా కప్పి, బురదలో బాట దాటించారు. ఒకతను మూర్తి గారికి కబురు చెప్పడానికి సైకిల్ మీద పోయాడు. రాజవ్వ తాళం తీసింది. ఇంకొకతను ఊళ్లోకి పరుగెత్తి మంత్రసానిని తీసుకొచ్చాడు. దవాఖానకు పోదామని నేనన్నాను గానీ, మంత్రసాని చెయ్యి పెట్టి చూసి, "అంత టైము లేదు, నీళ్లు కాగవెట్టుండ్రి," అంది.

మూర్తి గారు గొడుగుతో వచ్చేసరికి మేమంతా గది దగ్గర ఉన్నాం. ఆయన మండపం ముందు నిలబడి లోపల ఎవరైనా మిగిలారా అని చూస్తున్నారు. అప్పుడు సాంబయ్య గది నుంచి మండపం వైపు నడవడం చూశాను. మగ్గం మీద జంపఖానా ఉంది. ఇంకో జానెడు నేస్తే అయిపోతుంది. దాన్ని కోసుకొస్తానని పోతున్నాడు.

మూర్తి గారు గొడుగు వదిలేసి అతని మణికట్టు పట్టుకున్నారు.

"ఇడువుండ్రి సార్. గిప్పుడే వస్త. నాలుగు పోగులు కోసుడే."

"వద్దు."

"రెండు నెలల కష్టం సార్ అది."

"వద్దు సాంబయ్యా. నన్ను తిట్టు, కొట్టు. నేను మాత్రం వదలను."

సాంబయ్య బలమైన మనిషి. విదిలించుకోవాలంటే క్షణం పట్టదు. ఎందుకో విదిలించుకోలేదు. ఇద్దరూ వానలో అట్లా నిలబడి ఉండగానే లోపల పెద్ద బండి బోల్తా పడ్డట్టు చప్పుడైంది. తలుపు సందు నుంచి మట్టి, దుమ్ము వానలోకి వచ్చాయి. దూలం సగానికి విరిగి దుంగల మీద ఒరిగింది. దాని మీదున్న కప్పు రాయి మగ్గం మీద పడింది.

సాంబయ్య అటే చూస్తూ ఉండిపోయాడు. మూర్తి గారు ఆ చెయ్యి వదల్లేదు. గదిలోంచి బిడ్డ ఏడుపు వినిపించిన తర్వాత కూడా వదల్లేదు. రాజవ్వ తలుపు దగ్గరికి వచ్చి, "ఆడపిల్ల. ఇద్దరు మంచిగున్నరు," అని చెప్పాక, చెయ్యి తీసి ముఖం తుడుచుకున్నారు. వానలో తడిసిన ముఖమే గనుక మేము వేరే ఏమీ అనుకోలేదు.

మళ్లీ కట్టడం

వాళ్లు ఆ పనిముట్ల గదిలోనే చలికాలం అంతా ఉన్నారు. పారలు, తట్టలు వరండాలో ఉన్నాయి. నెక్కొండ వియ్యపురాలు మనవరాలిని చూడడానికి వచ్చి, గది చూసి, పక్కా స్లాబు ఉందే అని సంతోషపడిందట. రాజవ్వ ఆ మాట చెప్పి చాలాసేపు నవ్వింది. మా శాఖ వడ్రంగి సాంబయ్యకు మగ్గం సరిచేసి ఇచ్చాడు. మూర్తి గారు ఏ ఆఫీసుల చుట్టూ తిరిగారో మాకు చెప్పలేదు. ఎండలు ముదరకముందే ఊరి చివర వాళ్లకు ఇంటి జాగా వచ్చింది. ఆక్రమణదారులు అనే మాట ఆయన నోట మళ్లీ నేను వినలేదు.

తర్వాత మండపం విప్పాం. ప్రతి రాయి మీదా తెల్లరంగుతో అంకె వేసి, కిందికి దింపి, చేను పక్కన వరసగా పరిచాం. విరిగిన దూలానికి బదులు కొత్తది చెక్కించాం. పై ఆఫీసువాళ్లు తొందర పెట్టారు, సిమెంటుతో కానిచ్చేయమన్నారు. మరో గుడి కప్పు మీద ఎవరో సిమెంటు పూస్తే ఏమైందో మేం చూశాం. నీళ్లు బయటకు పోయే దారి మూసుకుపోయి, రాళ్ల లోపలికి తిరిగాయి. రెండేళ్లలో బొమ్మల మీద తెల్లటి ఉప్పు పేరుకుని, ముఖాలు పొరలు పొరలుగా రాలాయి. మూర్తి గారు సున్నం నానేదాకా నెలలు ఆగారు. పై నుంచి వచ్చిన మాటలన్నీ ఆయనే పడ్డారు. ఇందులో చేరేవాళ్లు తొందర పెట్టేవాళ్లకు జవాబు చెప్పడం నేర్చుకోవాలి. గీయడం కంటే అదే కష్టం.

పై ఆఫీసుకు పంపేముందు నా డ్రాయింగులు ఆయన చూశారు. పొయ్యి, మంచం, మగ్గం, బీరతీగ ఉన్న కాగితం దగ్గర ఆగారు.

"ఇదేమిటమ్మా?"

"మేం పోయిన నాడు ఉన్నది సార్."

మామూలుగా అయితే తీసేయమనేవారు. పెన్సిల్ తీసుకుని, మంచం ఉన్న మూల చూపించి, "తలగడ ఇటు వైపు ఉండేది," అని సరిచేసి, మిగతావాటితో కలిపి పంపించారు.

ఆమె వచ్చిన రోజు

మండపం పూర్తయింది. ఎనభైలు అప్పటికే వచ్చేశాయి. మట్టిగోడలు లేవు, మసి లేదు, చుట్టూ కంచె, ముందు నీలం బోర్డు. ఒక కాపలాదారుని పెట్టారు. మేం అనుకున్నట్టే వచ్చింది, చూడ్డానికి బాగుంది. అయినా నాకు అక్కడికి పోవాలంటే ఏదోలా ఉండేది. తలుపు కొట్టనక్కర్లేని చోట ఏమని నిలబడాలో తెలిసేది కాదు.

ఒక వేసవి మధ్యాహ్నం మూర్తి గారూ నేనూ కప్పు చూడడానికి వెళ్లినప్పుడు రాజవ్వ వచ్చింది. చంకలో మనవరాలు. లోపలికి రావచ్చో లేదో తెలియక మెట్టు దగ్గర ఆగింది. నేను వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను.

ఆమె నడిమిట్లో నిలబడి చుట్టూ చూసింది. ఆమె ఏమంటుందోనని నాకు భయంగా ఉంది.

"ఇంత పెద్దగున్నదా ఇది," అంది చివరికి. "మేమున్నన్ని దినాలు ఇరుకని కొట్లాడుకుంటిమి."

పిల్లను కిందికి దింపింది. అది చల్లని రాతి మీద అరికాళ్లతో చప్పుడు చేసుకుంటూ ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి పరుగెత్తింది. రాజవ్వ తన పొయ్యి ఉన్న చోటికి వెళ్లి కూర్చుంది. కాసేపటికి కొంగు మడిచి తల కింద పెట్టుకుని ఒరిగింది.

"జర సేపు నడుం వాలుస్త బిడ్డా," అంది నాతో. ఇంకో రెండు మాటలయ్యాయో లేదో నిద్రపోయింది.

కాపలాదారు కర్ర పట్టుకుని వచ్చాడు. "ఓ అవ్వా, ఇక్కడ పండొద్దు. లే."

మూర్తి గారు వేలు పెదవుల మీద పెట్టి అతన్ని ఆపారు.

"వాళ్లిల్లు నాయనా," అన్నారు మెల్లగా. "లేపకు."

నేను పిల్లను ఎత్తుకున్నాను. ఆయన చెప్పులు విడిచి స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. చేను మీద నుంచి గాలి వస్తోంది. ఆమె లేచేదాకా మేం అక్కడే ఉన్నాం.